ముందు యాప్ కాదు, కీబోర్డ్

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ భాష మాట్లాడేవాళ్ళు కొన్ని వేలమంది. పెద్దవాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకుంటారు. పిల్లలకు అంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం బడిలో నేర్చుకున్న పెద్ద భాషలో చెప్తారు. సొంత లిపి లేదు. రోమన్ అక్షరాలకే రెండు మూడు గుర్తులు చేర్చి రాసుకుంటున్నారు, గొంతు దగ్గర టక్కున ఆగే శబ్దానికి కొటేషన్ గుర్తు పెడుతున్నారు. చేతికి కాస్త గ్రాంటు వచ్చింది, పనిచేసేవాళ్ళు నలుగురు. నిఘంటువు యాప్ చేయించాలా, పిల్లలకు ఆటల యాప్ చేయించాలా, ఫోన్ మెనూలన్నీ మీ భాషలోకి మార్పించాలా అన్నది మీ ప్రశ్న. సొంత లిపి తయారుచేద్దామని కొందరు పట్టుబడుతున్నారని కూడా చివర్లో రాశారు.

మూడూ ఇప్పుడే వద్దు. ముందు కీబోర్డ్ చేయండి.

ఎందుకో చెప్తాను. యాప్ అంటే మనిషి పనిగట్టుకుని వెళ్ళాల్సిన చోటు. కొత్తలో వెళ్తారు, వారం తర్వాత మర్చిపోతారు. కీబోర్డ్ అలా ఉండదు. మనవరాలు అమ్మమ్మకు మెసేజ్ పెట్టేటప్పుడు, కుర్రాళ్ళు గ్రూపులో ఒకరినొకరు ఆటపట్టించుకునేటప్పుడు, ఎవరో ఫొటో కింద రెండు ముక్కలు రాసేటప్పుడు అది వేలి కిందే ఉంటుంది. జనం ఇప్పటికే ఎక్కడెక్కడ కబుర్లు చెప్పుకుంటున్నారో అక్కడికల్లా భాష దానివెంట వెళ్తుంది. భాష బతికేది కబుర్లలోనే కదా.

ఈ మాట నేను చదివి చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని చెప్తున్నాను. పదకొండేళ్ళ కిందట మేమూ ఒక చిన్న భాషకు నిఘంటువు యాప్ చేయించాం. కొన్ని వేల మాటలు, ప్రతి మాటకూ పెద్దవాళ్ళ గొంతులో ఉచ్చారణ, బొమ్మలు. ఆవిష్కరణ రోజున అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు. రెండేళ్ళు గడిచేసరికి కొత్త ఫోన్లలో ఆ యాప్ తెరుచుకోవడం మానేసింది. యాప్ స్టోర్ నిబంధనలు మారాయి, దానికి తగ్గట్టు యాప్‌ను సరిచేయాలి. చేసిపెట్టిన కంపెనీని అడిగితే మళ్ళీ మొదటంత డబ్బు అడిగారు. సోర్స్ కోడ్, అంటే యాప్‌ను రాసిన అసలు ప్రోగ్రామ్, ఇవ్వమంటే కాంట్రాక్టులో లేదన్నారు. నిజమే, మేమే అడగలేదు. అసలు ఆడియో ఫైళ్ళు ఒకే ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉండేవి, అది పోయింది. యాప్‌లో ఉన్నవి బాగా కుదించిన ఫైళ్ళు, వాటిని బయటికి లాగడానికి నానా తంటాలు పడ్డాం. ఆ గొంతుల్లో రెండు ఇప్పుడు లేవు.

కాబట్టి మీ గ్రాంటులోంచి మొదటి ఖర్చు రెండు హార్డ్ డిస్క్‌లు. రెండూ వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. తర్వాత ఎవరితో ఏ పని చేయించినా సోర్స్ కోడ్, అసలు ఫైళ్ళు మీకే ఇచ్చేయాలని కాగితం మీద రాయించుకోండి.

ఇక కీబోర్డ్ సంగతి. భాష ఫోన్‌లో లేకపోతే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి పిల్లవాడి కళ్ళతో చూడండి. వాడు మీ భాషలో ఒక మాట కొట్టి స్పేస్ నొక్కుతాడు. ఫోన్ దాన్ని పెద్ద భాషలోని దగ్గరి మాటగా మార్చేస్తుంది. వెనక్కి వచ్చి మళ్ళీ కొడతాడు, మళ్ళీ మారుస్తుంది. పట్టుదలగా అలాగే ఉంచితే కింద ఎర్రగీత పడుతుంది. ఒక వాక్యంలో ఎనిమిది మాటలుంటే ఎనిమిదింటికీ ఎర్రగీతలే. బడిలో టీచరమ్మ ఎర్ర పెన్నుతో గీసినట్టే ఉంటుంది అది. పెద్ద భాషలో రాస్తే గీతలుండవు, మాటలు వాటంతటవే వచ్చి పడతాయి. ఇంక వాడు ఏ భాషలో రాస్తాడు? పిల్లలకు భాషంటే ఇష్టం లేదని సభల్లో బాధపడే పెద్దల్ని చాలామందిని చూశాను. వాళ్ళ ఫోన్‌లో ఒక్క వాక్యం టైప్ చేసి చూసినవాళ్ళు తక్కువ.

మీ కొటేషన్ గుర్తు దగ్గర కాసేపు ఆగాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. హవాయీ భాషలోనూ ఇలాంటి శబ్దమే ఉంది. దాన్ని ఒకినా అంటారు, అది ఆ భాషలో నిజమైన హల్లు. చూడటానికి తిరగేసిన కామాలా ఉంటుంది. మామూలు కీబోర్డ్‌లో అది లేదు కాబట్టి చాలామంది కొటేషన్ గుర్తే కొట్టేస్తారు. కంటికి పెద్ద తేడా ఉండదు. కంప్యూటర్‌కు మాత్రం కొటేషన్ గుర్తు విరామచిహ్నం, అక్షరం కాదు. మాట మధ్యలో ఉంటే చాలావరకు సర్దుకుపోతుంది. మొదట్లోనో చివర్లోనో వస్తే దాన్ని మాటలోంచి విడగొట్టేస్తుంది. హ్యాష్‌ట్యాగ్ అక్కడితో తెగిపోతుంది. కొన్ని యాప్‌లు దాన్ని వంకర కొటేషన్‌గా మార్చి, మొదట్లో ఒకవైపుకీ చివర్లో ఇంకోవైపుకీ తిప్పుతాయి. అప్పుడు ఒకే అక్షరం మూడు రూపాల్లో తయారవుతుంది, వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండు దొరకవు.

ఇది నేను ఒక పెద్దావిడ పక్కన కూర్చుని కళ్ళారా చూశాను. ఆమె తన భాషలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఒక మెసేజ్‌లోంచి ఒక మాట కాపీ చేసి గ్రూపులో పెట్టాలనుకుంది. మాట మీద వేలు నొక్కి పట్టుకుంది. మాటంతా నీలమైంది, ముందున్న ఆ గుర్తు మాత్రం బయటే ఉండిపోయింది. పేస్ట్ చేస్తే వేరే మాట అయింది, అర్థం కూడా వేరే. ఇంకోసారి ప్రయత్నించింది, అదే. మూడోసారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చేసింది. చివరికి “నాకు చేతకావడం లేదు నాయనా” అని వాయిస్ మెసేజ్ పెట్టేసింది. తప్పు ఆమెది కాదని నేను చెప్పినా నమ్మినట్టు అనిపించలేదు.

దీనికి మందు ఎప్పుడో ఉంది. ఇలాంటి శబ్దాలకు యూనికోడ్‌లో, అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ తలా ఒక నంబరు ఇచ్చే పట్టికలో, కొటేషన్‌లా కనిపిస్తూ అక్షరంగా లెక్కకొచ్చే గుర్తులు వేరే ఉన్నాయి. హవాయీ ఒకినాకు ఒకటి, నిటారు కామాలా ఉండేది ఇంకొకటి, ఇలా. మీరు చేయాల్సింది వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, కీబోర్డ్‌లో దానికి ఒక మీట ఇవ్వడమే. టైప్ చేసేవాళ్ళకు ఈ గొడవంతా తెలియనక్కర్లేదు. మీట నొక్కితే సరైన గుర్తు పడుతుంది, అంతే.

ఆ మీట ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యం. ఒక అక్షరం మీద నొక్కి పట్టుకుంటే ప్రత్యేక అక్షరాలు పైకి వచ్చేలా చేయడం తేలిక, డిజైనర్లకు అది ఇష్టం, స్క్రీన్ శుభ్రంగా కనిపిస్తుంది. మామూలు జనానికి అది దాచిపెట్టినట్టే. చెప్తే తప్ప కనుక్కోరు, చెప్పినా మర్చిపోతారు. మీ భాషకే ప్రత్యేకమైన అక్షరాలు మొదటి తెరమీదే, బొటనవేలికి అందేచోట ఉండాలి. చోటు సరిపోకపోతే మీ భాషలో అసలు రాని అక్షరాల్ని వెనక్కి నెట్టండి. పెద్ద భాష మాటలు మధ్యమధ్యలో రాస్తారు కాబట్టి వాటిని పూర్తిగా తీసేయకండి.

ఇంకో చిక్కు, చుక్కలూ గీతలూ ఉన్న అక్షరాలది. ఒకే అక్షరాన్ని రెండు విధాలుగా దాచుకోవచ్చు. చుక్కతో సహా ఒకే ముక్కగా ఒకటి, అక్షరం వేరు చుక్క వేరుగా రెండు ముక్కలుగా ఇంకొకటి. కంటికి రెండూ ఒకటే. ఇద్దరు రెండు విధాలుగా కొడితే, సరిగ్గా పోల్చడం చేతకాని యాప్‌లో ఒకరు రాసింది ఇంకొకరు వెతికితే దొరకదు. మొదటి రోజే ఒక పద్ధతి తేల్చుకుని కీబోర్డ్‌లో బిగించేయండి, ఇంక ఆ ప్రశ్నే రాదు. ఫాంట్ల గురించి మీరు పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. రోమన్ అక్షరాలు, గుర్తులే కాబట్టి ఇప్పటి ఫోన్లలో చాలావరకు సరిగ్గానే కనిపిస్తాయి. చుక్క పక్కకు జరిగిపోతోందేమో రెండు మూడు పాత ఫోన్లలో చూసుకోండి.

ఎవరైనా తెలివైన కుర్రాడు వచ్చి “ఇదంతా ఎందుకు, నేను ఒక ఫాంట్ చేసిస్తాను, అందులో ఈ గుర్తు ఉన్నచోట మన అక్షరం కనిపిస్తుంది” అంటే మాత్రం ఒప్పుకోకండి. మయన్మార్‌లో జరిగింది అదే. జౌజీ అనే ఫాంట్ బర్మీస్ అక్షరాల్ని యూనికోడ్ పద్ధతికి భిన్నంగా తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంది. బర్మీస్ ఒత్తులకు చోటు చాలక, మోన్, షాన్, కరెన్ లాంటి చిన్న భాషలకు యూనికోడ్ కేటాయించిన చోట్లు కూడా వాడేసుకుంది. బర్మీస్ వాళ్ళకు పని జరిగిపోయింది. ఆ ఫోన్లలో షాన్ వాళ్ళు తమ భాషలో రాస్తే వేరే ఏవో ముక్కలు కనిపించేవి. దేశమంతా అలవాటు పడిపోయాక వెనక్కి రావడం ఎంత కష్టమంటే, చివరికి 2019 అక్టోబరు 1ని యూనికోడ్‌కు మారే రోజుగా ప్రకటించి దేశం మొత్తాన్ని కదిలించాల్సి వచ్చింది. దగ్గరి దారి ఎవరి నెత్తిన పడుతుందో చూడండి, అందరికంటే చిన్నవాళ్ళ మీద.

కీబోర్డ్ చేయడానికి కంపెనీ అక్కర్లేదు. ముందు ఇప్పటికే ఉందేమో చూసుకోండి. గూగుల్ వాళ్ళ ఫోన్ కీబోర్డ్ జీబోర్డ్ 900కు పైగా భాషల్ని, వాటి రకాల్ని చూపిస్తుంది, మీది ఏ మూలనో ఉండొచ్చు. లేకపోతే కీమ్యాన్ అని, ఏ భాషకైనా కీబోర్డ్ తయారుచేసుకునే సాధనం ఉంది. 1990ల నుంచి నడుస్తున్న పని, 2015లో చిన్న భాషల మీద పనిచేసే ఎస్ఐఎల్ సంస్థ చేతికి వచ్చింది, ఇప్పుడు ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. కంప్యూటర్‌లో దాని డెవలపర్ ప్రోగ్రామ్ పెట్టుకుని ఒకసారి కీబోర్డ్ తయారుచేస్తే ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటర్ అన్నింటికీ అదే పనికొస్తుంది. ప్రోగ్రామింగ్ బొత్తిగా రానివాళ్ళు కూడా ఓపికుంటే చేయగలరు. మీ నలుగురిలో ఒకరు రెండు వారాలు కూర్చుంటే మొదటి రూపం వచ్చేస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఫస్ట్‌వాయిసెస్ వాళ్ళు 100కు పైగా ఆదివాసీ భాషల కీబోర్డ్‌లను ఒకే యాప్‌లో ఇచ్చారు. అదీ కీమ్యాన్ మీద కట్టిందే. అన్ని భాషలకూ కలిపి ఒకే యాప్ అయితే నిలబెట్టుకోవడం తేలిక. మీ చుట్టుపక్కల ఇంకో రెండు చిన్న భాషలవాళ్ళుంటే వాళ్ళను కూడా కలుపుకోండి.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. బయటి కీబోర్డ్ ఏది పెట్టినా ఆండ్రాయిడ్ ఒక సందేశం చూపిస్తుంది, మీరు టైప్ చేసేదంతా, పాస్‌వర్డ్‌లతో సహా, ఈ కీబోర్డ్ సేకరించవచ్చు అని. ప్రతి కీబోర్డ్‌కూ అదే మాట వస్తుంది. పెద్దవాళ్ళు అది చదివి హడలిపోతారు. చదవని కుర్రాళ్ళే నయం. మేము మొదట ఈ సంగతి చెప్పకుండా లింకు పంపాం, సగంమంది అక్కడే ఆగిపోయారు. మీరు నేర్పించేటప్పుడు ఆ తెర వచ్చేముందే చెప్పండి, ఎందుకు వస్తుందో, ఈ కీబోర్డ్ ఎవరు చేశారో. ఇంటర్నెట్ సరిగ్గా అందని చోట్లకు ఫైలును ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నేరుగా పంపుకునే ఏర్పాటు చేయండి.

సూచనల సంగతి. అంటే టైప్ చేస్తుంటే పైన వచ్చే మూడు మాటలు. దీనికి కోట్ల మాటల రాతలు అక్కర్లేదు. మీ దగ్గరున్న రాతల్లోంచి తరచుగా వచ్చే మాటల జాబితా ఒకటి, వెయ్యో రెండువేలో, కీమ్యాన్‌కు ఇస్తే సూచనలు చూపిస్తుంది. కానీ దానంతటది మార్చేయడం మాత్రం ఆపేసి ఉంచండి. చిన్న జాబితాతో దిద్దడం మొదలుపెడితే పక్క ఊరి యాసలో రాసినవాళ్ళ మాటల్ని తప్పంటుంది. పెద్ద భాష మనకు చేసిందే మనం మళ్ళీ మనవాళ్ళకు చేసినట్టవుతుంది.

మీ భాషలో మాటలు ఎంత పొడవో మీరు రాయలేదు. ఉత్తర కెనడాలోని ఇన్యుక్టిటుట్ లాంటి భాషల్లో ఒక వాక్యమంత అర్థం ఒకే మాటలో ఇమిడిపోతుంది, ప్రత్యయం మీద ప్రత్యయం చేరుతూ పోతుంది. అలాంటి చోట మాటల జాబితా పనికిరాదు, ఎందుకంటే అదే మాట మళ్ళీ అదే రూపంలో రాదు. అప్పుడు వ్యాకరణాన్నే నియమాలుగా రాయాలి. ధాతువు ఇదీ, దీని తర్వాత ఇవి రావచ్చు, కలిసినప్పుడు శబ్దం ఇలా మారుతుంది అని. నార్వేలోని ట్రోమ్సో విశ్వవిద్యాలయంలో అక్కడి ఆదివాసులైన సామీల భాషలకు ఇలాగే ఏళ్ళ తరబడి పనిచేసి, అక్షరదోషాలు చూపే ఫోన్ కీబోర్డ్‌ల దాకా తెచ్చారు. వాళ్ళ సాధనాలు అందరికీ తెరిచి ఉన్నాయి. ఒక భాషాశాస్త్రజ్ఞుడు, బాగా రాయగల ఒక పెద్దమనిషి, రెండు మూడేళ్ళు ఉంటే తప్ప ఇది మొదలుపెట్టకండి. మీ గ్రాంటుకు అందేది కాదు.

మాటల జాబితాకు రాతలు ఎక్కడినుంచి తెస్తారన్నది కూడా చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో మీ భాష పేరుతో కనిపించేదంతా మీ భాష కాదు. స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో వేలాది వ్యాసాలు ఆ భాష సరిగ్గా రాని ఒకే ఒక్కరు రాశారని 2020లో బయటపడింది. ఏళ్ళపాటు అవి అక్కడే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఈ రోజుల్లో యంత్రం రాసిచ్చిన రాత దానికి తోడయింది. ఒక పెద్దమనిషి చదివి సరేనన్న రాతలే వాడండి. యాభై పేజీలైనా చాలు.

ఇక లిపి. ఇది ఇంజనీరు తేల్చే విషయం కాదు, మీవాళ్ళ గౌరవానికి సంబంధించింది. వద్దనడానికి నేనెవర్ని. ఎంతకాలం పడుతుందో మాత్రం చెప్తాను. పశ్చిమాఫ్రికాలో ఫులానీ భాషకు గినీ దేశపు బారీ సోదరులిద్దరు, ఇబ్రహీమా, అబ్దులాయే, పిల్లలుగా ఉన్నప్పుడే 1989 ప్రాంతంలో అడ్లమ్ లిపి తయారుచేశారు. అది యూనికోడ్‌లోకి వచ్చింది 2016లో. గోండీకి మసరం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో చేరాయి. గోండీ మాట్లాడేవాళ్ళు 2011 జనాభా లెక్కల ప్రకారం 29 లక్షలకు పైనే ఉన్నారు, అయినా అంతకాలం ఆగాల్సి వచ్చింది. యూనికోడ్‌లో చేరడంతో అయిపోదు. అమెరికా ఆదివాసీ భాష చెరోకీకి లిపిని సెక్వోయా అనే ఆయన 1821 ప్రాంతంలో పూర్తిచేశాడు, 1828లోనే ఆ లిపితో పత్రిక వచ్చింది. అంత చరిత్ర ఉన్న లిపి యూనికోడ్‌లోకి 1999లో వస్తే, ఐఫోన్‌లో కనిపించింది 2010లో. మధ్యలో పదకొండేళ్ళు.

కొత్తగా చేరే లిపుల్లో చాలావాటికి ఇంకో ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాలు దాదాపు నిండిపోయాయి కాబట్టి ఇవి వాటి అవతల కూర్చుంటాయి. గోండీ లిపులు రెండూ, అడ్లమ్ కూడా అక్కడివే. పాత డేటాబేస్‌లు కొన్ని ఆ అవతలి అక్షరాల్ని దాచుకోలేవు. మెసేజ్ పంపితే ప్రశ్నార్థకాలో ఖాళీయో మిగులుతుంది. ఎస్ఎంఎస్ సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, యూనికోడ్ మెసేజ్ అయితే 70, ఈ అవతలి లిపుల్లో అయితే 35 మాత్రమే. మీవాళ్ళు లిపి కావాలంటే దాన్ని బోర్డుల మీద, పుస్తకాల అట్టల మీద, పిల్లల చేతిరాతలో మొదలుపెట్టనివ్వండి. ఫోన్‌లో ఇప్పటి రోమన్ రాతను ఆపకండి. లిపి వచ్చేదాకా రాయకుండా ఆగితే, లిపి వచ్చేసరికి రాయడానికి మనుషులుండాలి కదా.

రెండు కాగితం పనులు మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి, వాటికి డబ్బు అక్కర్లేదు, కాలం కావాలి. ఒకటి, ప్రపంచ భాషలకు కోడ్‌లిచ్చే ఐఎస్ఓ 639-3 పట్టికలో మీ భాషకు మూడక్షరాల కోడ్ ఉందో లేదో చూడటం. ఉంటే అది నిజంగా మీ భాషదేనా, పక్క భాషతో కలిపేశారా అని కూడా. లేకపోతే దరఖాస్తు పెట్టాలి, ఏడాదికోసారి పరిశీలిస్తారు. కోడ్ లేని భాష ఫోన్ దృష్టిలో లేనట్టే. రెండోది సీఎల్‌డీఆర్. యూనికోడ్ వాళ్ళు నడిపే ఈ భాండాగారంలో ప్రతి భాషకూ అక్షరాల జాబితా, తేదీలు రాసే తీరు, నెలల పేర్లు, వారాల పేర్లు లాంటివి ఉంటాయి. ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు అక్కడినుంచే తీసుకుంటాయి. అందులో బేసిక్ అనే స్థాయి పూర్తయితే, ఫోన్ సెట్టింగ్స్‌లో భాషల వరుసలో మీ పేరు చేర్చడానికి కావాల్సిన సరుకు సిద్ధమైనట్టే. చేర్చడం మళ్ళీ కంపెనీల చేతిలో ఉంటుంది, కానీ అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. వారాల పేర్లే కదా, ఒక సాయంత్రం పని అనుకోకండి. మంగళవారాన్ని ఏమనాలో తేలడానికి మాకు మూడు సమావేశాలు పట్టాయి, ఒకాయన ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

రాయని పెద్దవాళ్ళ మాటేమిటి అంటారా. వాళ్ళు ఇప్పటికే ఫోన్‌ను మీ భాషలో వాడుతున్నారు, వాయిస్ మెసేజ్‌లతో. దాన్ని చిన్నచూపు చూడకండి. మధ్యభారతంలో సీజీనెట్ స్వర అని 2010 నుంచి నడిచింది. ఆదివాసీలు ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చేది, గోండీ లాంటి తమ భాషలో వార్తో ఫిర్యాదో చెప్పేవారు, మిగతావాళ్ళు ఫోన్లోనే వినేవారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మీరూ ఒక గ్రూపు పెట్టి వారానికో ప్రశ్న అడగండి, పెద్దవాళ్ళు గొంతుతో జవాబు చెప్పనివ్వండి. అలా వచ్చినవాటిలో దాచుకోదగ్గవాటిని నిశ్శబ్దమైన చోట, కుదించని ఫైలుగా మళ్ళీ రికార్డు చేయండి. రికార్డు మొదట్లోనే చెప్పేవారి పేరు, తేదీ, దీన్ని ఎవరు వినవచ్చో వాళ్ళ నోటితోనే చెప్పించండి. అందరూ వినవచ్చు, మా ఇంటివాళ్ళే వినాలి, నేను పోయాక వినవచ్చు, ఇలా ఎవరి మాట వారిది. తర్వాత ఒక కుర్రాడు ఆ రికార్డును ముక్క ముక్కగా వింటూ నెమ్మదిగా తిరిగి చెప్పి రికార్డు చేస్తే, యాభై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకు కూడా మాటలు స్పష్టంగా దొరుకుతాయి. ఐకూమా అనే ఫోన్ యాప్‌ను సరిగ్గా ఈ పనికోసమే చేశారు.

ఈ రికార్డులు ఎవరికి ఇవ్వాలన్నది తొందరపడి తేల్చకండి. న్యూజిలాండ్‌లో తే హికు మీడియా అనే మావోరీ రేడియో సంస్థ 2018లో పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ గొంతులు పోగుచేసింది, తమవాళ్ళే చదివి పంపారు. మాటను గుర్తుపట్టే ప్రోగ్రామ్‌ను వాళ్ళే తయారుచేసుకున్నారు. పెద్ద కంపెనీలు ఆ డేటా అడిగితే ఇవ్వలేదు. కైతియాకితంగ అనే లైసెన్స్ పెట్టుకున్నారు, ఆ మావోరీ మాటకు కాపలా, సంరక్షణ అని అర్థం. జనం గొంతులు పోగుచేసి అందరికీ ఇచ్చే మొజిల్లా కామన్ వాయిస్ ఇంకో దారి. అక్కడ ఇచ్చిన గొంతును ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, ఒకసారి బయటికి విడుదలయ్యాక వెనక్కి తీసుకోలేరు. దానివల్ల చిన్న భాషలకు మేలు జరిగిన మాటా నిజమే. నన్నడిగితే మామూలు వాక్యాలు అక్కడ ఇవ్వండి, కథలూ పాటలూ మీ దగ్గరే ఉంచుకోండి. ఏదైనా ముందు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, తిరిగిరాదన్న ముక్క అర్థమయ్యేలా చెప్పి, ఆ తర్వాతే.

ఫోన్ మెనూలన్నీ మీ భాషలో అన్న కల చివరికి ఉంచండి. 2021లో మోటరోలా బ్రెజిల్ ఆదివాసీ భాషలు కాయింగాంగ్, నేంగాతూల్లో ఫోన్ మొత్తాన్ని తెచ్చింది, మరుసటేడు చెరోకీలో. సెట్టింగ్స్ తెరిస్తే తన భాష కనిపించడం చిన్న విషయం కాదు, ఆ సంతోషం నేను చూశాను. కానీ అది వేల వేల వాక్యాల పని, ప్రతి అప్‌డేట్‌కూ మళ్ళీ కొత్తవి వస్తాయి. కంపెనీ జీతమిచ్చి చేయిస్తే తప్ప నలుగురు వాలంటీర్లు మోయలేరు. పైగా చాలామంది రెండు రోజులు చూసి, వైఫై ఎక్కడుందో దొరక్క పాత భాషకు మార్చేసుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు, పదేళ్ళ అలవాటు. దానికి ముందు చేయాల్సిన పని మాటలు పుట్టించడం. మావోరీలో కంప్యూటర్‌ను రొరొహికో అంటారు, రొరో అంటే మెదడు, హికో అంటే కరెంటు. వినగానే బోధపడుతుంది. ఫైలు, పాస్‌వర్డ్, డిలీట్, ఛార్జింగ్, ఇలాంటివి ఒక ముప్పై మాటలు తీసుకుని పెద్దవాళ్ళనూ కుర్రాళ్ళనూ కలిపి కూర్చోబెట్టండి. వచ్చినవాటిని గ్రూపులో వదలండి. వాడితే నిలుస్తాయి, వాడకపోతే పోతాయి, పట్టుబట్టకండి.

మీ నాలుగో వాలంటీరుకు పదిహేడేళ్ళు, ఆమెకు ఏ పని ఇవ్వాలో తెలియడం లేదని రాశారు. అందరికంటే ముఖ్యమైన పని ఆమెకే ఇవ్వండి. కీబోర్డ్ మొదటి రూపం రాగానే ఊళ్ళో ఉన్నవాటిలోకెల్లా చవక ఫోన్‌లో పెట్టుకుని, పది మంది దగ్గర ఒక్కొక్కరి పక్కనా కూర్చోమనండి. నిన్న ఏం జరిగిందో మీ భాషలో రెండు వాక్యాలు రాయమని అడగాలి. నేర్పించకూడదు, అందించకూడదు, నవ్వకూడదు. ఏ అక్షరం దగ్గర వేలు గాల్లో ఆగిందో, ఎంతసేపు ఆగిందో, చివరికి ఏం నొక్కారో కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ఒకేచోట ఆగితే ఆ మీట చోటు మార్చాలన్నమాట. ఆ కాగితం, కీబోర్డ్ ఫైలు రెండూ నాకు పంపండి, చూసి చెప్తాను.